పక్కకు జరగని కుర్చీ: దగ్గరి దారి, తిన్నని దారి ఒకటేనా?

ఈసారి ఒక దిద్దుబాటుతో మొదలుపెట్టాలి. పోయిన ఎపిసోడ్‌లో నేను ఒక మాట తప్పు చెప్పాను. చిన్న తప్పయితే కింద ఒక ముక్క రాసి ఊరుకునేవాణ్ణి. కానీ ఈ తప్పు చిన్నది కాదు, పైగా అందమైనది కూడా. దాన్ని దిద్దుకోవాలంటే ఒక ఎపిసోడ్ మొత్తం పడుతుంది.

పోయినసారి ఏం చెప్పుకున్నాం? ఒక పుస్తకాన్ని గిర్రున తిప్పి గాల్లోకి విసిరాం. అది ఎలా దొర్లుతుందో చెప్పే సమీకరణాలు ఆయిలర్ 18వ శతాబ్దంలోనే రాసిపెట్టాడు. వాటిని ఇంకోలా చూడొచ్చు అన్నాను. పుస్తకం ఉండగలిగే భంగిమలన్నీ కలిపితే ఒక లీ గ్రూపు అవుతుంది, అంటే తిప్పుళ్ళ గ్రూపు. పుస్తకం గతిశక్తినే కొలబద్దగా తీసుకుంటే ఆ గ్రూపు మీద దూరం కొలవచ్చు. అప్పుడు ఎవరూ తోయని పుస్తకం ఆ కొలబద్ద ప్రకారం జియోడెసిక్ మీదనే పోతుంది. అంటే, దగ్గర దగ్గర బిందువుల మధ్య అన్నిటికన్నా పొట్టి దారి మీద. ఇంతవరకూ అంతా సరే. ఇందులో తప్పేమీ లేదు.

చివర్లో టైమ్ అయిపోతోందన్న తొందరలో ఒక మాట అనేశాను. వస్తువు వేగం మీద ఏదైనా కట్టడి పెట్టినా ఇదే సూత్రం పనిచేస్తుంది, వదిలేసిన వస్తువు పొట్టి దారినే పడుతుంది అన్నాను. ఇది తప్పు.

పట్టుకున్నది ఎవరంటే, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి. రెండు చక్రాల చిన్న రోబో ఒకటి చేసుకుందట. నేను చెప్పింది సరిచూద్దామని దాన్ని నున్నటి గచ్చు మీద కాస్త తిప్పి, తోసి వదిలేసింది. అది గుండ్రంగా తిరిగింది. తర్వాత పొట్టి దారి ఎలా ఉంటుందో కంప్యూటర్‌లో లెక్క కట్టింది. అక్కడ గుండ్రం రాలేదు. ముళ్ళలాంటి మొనలున్న ఒక వంకర గీత వచ్చింది. "సార్, మీరు రెండూ ఒకటే అన్నారు. నాకు రెండు రకాలుగా వస్తున్నాయి. నా ప్రోగ్రాంలో తప్పెక్కడో చెప్తారా?" అని రాసింది.

ప్రోగ్రాంలో తప్పు లేదమ్మా. తప్పు నాది. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

రోబో బదులు వీల్‌చెయిర్ తీసుకుంటాను. మా నాన్నగారి చివరి రెండేళ్ళు వీల్‌చెయిర్‌లోనే గడిచాయి. కనక దాని పోకడ నా చేతులకు బాగా తెలుసు. ముందున్న చిన్న చక్రాలను మరిచిపోదాం. వెనక రెండు పెద్ద చక్రాలు, మధ్యలో ఇరుసు, బరువంతా ఇరుసు మీదే ఉందనుకుందాం. ఎడ్లబండి కూడా ఇంతే. రెండు చక్రాలు, ఒక ఇరుసు.

ఈ కుర్చీ ఎక్కడుందో చెప్పడానికి ఎన్ని అంకెలు కావాలి? మూడు. నేల మీద ఎక్స్, వై, ఇంకా ముఖం ఎటు ఉందో చెప్పే కోణం థీటా. ఈ మూడూ కలిసి ఒక లీ గ్రూపు అవుతాయి. తలం మీద జరపడం, తిప్పడం, ఈ రెండింటి గ్రూపు. నార్వే గణితవేత్త సోఫస్ లీ పేరు మీదే వీటిని లీ గ్రూపులంటాం.

మూడు అంకెలున్నాయి గాని, ఏ క్షణంలోనైనా కుర్చీ చేయగలిగినవి రెండే. ఒకటి ముందుకో వెనక్కో పోవడం. రెండోది ఉన్నచోటే తిరగడం. పక్కకు జరగడం కుదరదు, చక్రం ఒప్పుకోదు. ఇదీ మన కట్టడి: పక్క దిశలో వేగం సున్నా.

ఇక్కడ ఒక తేడా గమనించండి. రైలు కూడా పక్కకు జరగదు. కానీ రైలు ఎప్పటికీ పట్టాల మీదే ఉంటుంది, పక్క ఊరి పొలంలోకి రాలేదు. కుర్చీ అలా కాదు. క్షణంలో పక్కకు జరగలేదు గాని, కాసేపు టైమ్ ఇస్తే గదిలో ఏ మూలకైనా, ఏ ముఖంతోనైనా చేరుకుంటుంది. రైలుది చోటు మీద కట్టడి. కుర్చీది వేగం మీద మాత్రమే కట్టడి. మొదటిదాన్ని హోలోనోమిక్ అని, రెండోదాన్ని నాన్‌హోలోనోమిక్ అని అంటారు. ఈ పేర్లు పెట్టినవాడు హైన్రిష్ హెర్ట్స్. రేడియో తరంగాల హెర్ట్సే. ఆయన చనిపోయాక 1894లో అచ్చయిన యంత్రశాస్త్రం పుస్తకంలో ఈ మాటలున్నాయి. ఆ పుస్తకం దగ్గరికి మళ్ళీ వస్తాం.

సరే, పక్కకు జరగని కుర్చీని పక్కకు ఎలా తీసుకెళ్ళాలి? కారు పార్కింగ్ చేసేవాళ్ళందరికీ తెలిసిన పనే. నాలుగు అడుగులు వేద్దాం. 10 సెంటీమీటర్లు ముందుకు. 0.1 రేడియన్, అంటే సుమారు 5.7 డిగ్రీలు, ఎడమకు తిప్పు. 10 సెంటీమీటర్లు వెనక్కి. మళ్ళీ 0.1 రేడియన్ కుడికి తిప్పు. ముందుకెళ్ళి వెనక్కొచ్చాం, ఎడమకు తిప్పి కుడికి తిప్పాం. ఉన్నచోటికే రావాలి కదా?

రాలేదు. లెక్క వేసి చూడండి. ముఖం మొదట్లో ఎటుందో అటే ఉంది. ముందు దిశలో తేడా అర మిల్లీమీటరు, పట్టించుకోనక్కర్లేదు. కానీ కుర్చీ సుమారు 1 సెంటీమీటరు కుడి పక్కకు జరిగింది! వెనక్కి వచ్చినప్పుడు ముఖం కొంచెం తిరిగి ఉంది కదా, ఆ వాలు మిగిల్చిన సెంటీమీటరు అది.

ఈ మిగులుకే లీ బ్రాకెట్ అని పేరు. "ముందుకు", "తిప్పు" అనే రెండు పనులను వరస మార్చి చేస్తే వచ్చే తేడా. మన కుర్చీకి ఆ తేడా సరిగ్గా నిషిద్ధమైన పక్క దిశలోనే ఉంది. అనుమతించిన దిశలు, వాటి బ్రాకెట్లు, ఆ బ్రాకెట్ల బ్రాకెట్లు కలిపి అన్ని దిశలూ వచ్చేస్తే, ఎక్కణ్ణుంచి ఎక్కడికైనా కట్టడి తప్పకుండానే వెళ్ళొచ్చు. 1938లో రషెవ్‌స్కీ, 1939లో చౌ, ఇద్దరూ విడివిడిగా దీన్ని నిరూపించారు.

మరి లీ గ్రూపు అని ఎందుకు పట్టుకు వేలాడటం? ఎందుకంటే కుర్చీకి తాను ఏ గదిలో ఉందో, తూర్పుకు చూస్తోందో పడమరకు చూస్తోందో అక్కర్లేదు. కట్టడి కుర్చీతో పాటే కదులుతుంది. ఖర్చు కొలిచే కొలబద్ద కూడా అంతే. కుర్చీలో కూర్చున్నవాడి కళ్ళతో చూస్తే నియమాలు అన్నిచోట్లా ఒకటే. దీన్నే ఎడమ నుంచి మారని మెట్రిక్ అంటాం. లాభం ఏమిటంటే, గ్రూపు మొత్తం మీద లెక్కలు చేయక్కర్లేదు. ఒక్కచోట, లీ బీజగణితంలో చేస్తే చాలు. ఈ సులువును 1901లో పోయంకరే ఒక చిన్న వ్యాసంలో చూపించాడు. 1966లో ఆర్నోల్డ్ దాన్నే ద్రవాల ప్రవాహం దాకా తీసుకెళ్ళాడు.

ఇప్పుడు ఖర్చు లెక్క. 1 మీటరు నడపడానికీ, 1 రేడియన్ తిప్పడానికీ ఒకే ఖర్చు అనుకుందాం. ఇందాక వేసిన నాలుగు అడుగులకు ఒక్కొక్కదానికీ 0.1 చొప్పున మొత్తం 0.4 అయింది. దక్కింది 1 సెంటీమీటరు. అడుగులు రెట్టింపు చేస్తే ఖర్చు 0.8, పక్కకు జరిగేది సుమారు 4 సెంటీమీటర్లు. ఖర్చు రెట్టింపైతే ఫలం నాలుగింతలు. వినడానికి బాగుంది గాని, తిరగేసి చూడండి. పక్కకు పదో వంతు దూరమే చాలనుకుంటే ఖర్చు పదో వంతుకు తగ్గదు, మూడో వంతు దగ్గరే ఆగిపోతుంది. చిన్న చిన్న సవరణలే ఎక్కువ విసిగిస్తాయి. ఇరుకు సందులో కారు పెట్టినవాళ్ళను అడగండి.

ఈ 0.4 కన్నా తక్కువలో అవుతుందా? ఒక కాగితం మీద అడ్డంగా "ముందుకు ఎంత", నిలువుగా "తిప్పింది ఎంత" అని గీతలు గీయండి. నాలుగు అడుగులు అక్కడ ఒక చతురస్రం అవుతాయి. చిన్న కదలికలకు, పక్కకు జరిగిన దూరం అంటే ఆ గీత చుట్టిన వైశాల్యమే. 0.1 ఇంటూ 0.1, అంటే 0.01 మీటరు. ఆ సెంటీమీటరే. ఖర్చు ఆ గీత చుట్టుకొలత. ఇప్పుడు ప్రశ్న మారిపోయింది: ఇంత వైశాల్యాన్ని అన్నిటికన్నా తక్కువ చుట్టుకొలతతో ఏ ఆకారం చుడుతుంది? వృత్తం. చతురస్రానికి 0.4 అయితే వృత్తానికి 0.354. సుమారు 11 శాతం ఆదా.

వృత్తం అంటే ఇక్కడ అర్థమేమిటి? ముందుకు పోయి ఆగి, తిప్పి ఆగి, అలా కాదు. పోతూనే తిప్పాలి. ఒకటి తగ్గుతుంటే రెండోది పెరుగుతుండాలి. మా అమ్మ నాన్నగారి కుర్చీని మంచం పక్కకు చేర్చేటప్పుడు అచ్చంగా ఇలాగే చేసేది. నేను నాలుగు విడి అడుగులు వేసి కుదుపుతుంటే, "అలా ఆపి ఆపి తిప్పకు, ఆయన నడుం పట్టేస్తుంది" అనేది. ఆమెకు ఈ లెక్క తెలీదు. ఆమె చేతులకు తెలుసు.

ఇది చిన్న కదలికల సంగతి. పెద్ద కదలికలకు అసలు సమీకరణాలు చూడాలి. భయపడకండి, మాటల్లోనే చెప్తాను.

పొట్టి దారి వెతికేటప్పుడు కుర్చీకి ఒక ద్రవ్యవేగం అంటగడతాం. నేల అన్నిచోట్లా ఒకటే కనక, ఈ ద్రవ్యవేగం నేలకు మేకు కొట్టిన బాణంలా దిశా మారదు, పొడవూ మారదు. కుర్చీ దాని మీద తిరుగుతుంటే, బాణంలో కొంత భాగం కుర్చీ ముఖం వైపు పడుతుంది, కొంత పక్కకు పడుతుంది. ముఖం వైపు భాగమే ముందుకు వేగం. మరి పక్క భాగం? పక్కకు వేగం లేదు కదా! నిజమే, వేగం లేదు. కానీ ద్రవ్యవేగం ఉంది. ఎక్కడా కంటికి కనిపించని ఈ పక్క ద్రవ్యవేగమే మొత్తం కథ నడిపిస్తుంది. ఇంకోలా చెప్పాలంటే, "నన్ను పక్కకు పోనిస్తే ఎంత లాభముండేదో" అని కుర్చీ మోస్తున్న లెక్క అది.

ఇక తిరిగే వేగం ఎలా మారుతుంది? గుర్తు సంగతి పక్కన పెడితే, అది ఆ రెండు భాగాల లబ్ధం చొప్పున మారుతుంది. ఒకటి కొసైను, రెండోది సైను. రెండింటి లబ్ధం అంటే రెట్టింపు కోణం సైనులో సగం. దీన్ని ఎక్కడో చూశాం కదా? ఇంటర్‌లో చదివిన లోలకం సమీకరణమే ఇది! కుర్చీ ముఖానికీ ఆ బాణానికీ మధ్య కోణాన్ని రెట్టింపు చేస్తే, అది లోలకంలాగే ఊగుతుంది. కోణాన్ని లోలకం తలకిందులుగా నిలబడ్డ చోటు నుంచి కొలవాలి, అంతే.

దీన్నుంచి ఏమేం వస్తాయో చూడండి. లోలకం తలకిందులుగా కదలకుండా నిలబడితే, కుర్చీ తిన్నగా పోతోందన్నమాట. లోలకం కిందిబిందువు దాటే క్షణంలో ముందుకు వేగం సున్నా అవుతుంది, తిరిగే వేగం గరిష్ఠం అవుతుంది. అక్కడే కుర్చీ ముందుకు పోవడం ఆపి వెనక్కి పోవడం మొదలుపెడుతుంది. నేల మీద గీతకు మొన వస్తుంది. ఆ అమ్మాయి కంప్యూటర్‌లో చూసిన ముళ్ళు ఇవే. లోలకం అడుగున చిన్నగా ఒక్కసారి ఊగి వస్తే? అది ఇందాకటి వృత్తం. కుర్చీ పక్కకు జరిగిపోయి కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. అదే కుర్చీని తోసి వదిలేస్తే ఏమవుతుంది? అప్పుడు నేల కుర్చీ మీద చూపించే బలం పక్కవైపే ఉంటుంది. చక్రం పక్కకు జారకుండా పట్టుకునే బలం అది. పక్కకు లాగే బలం ముందుకు వేగాన్ని పెంచదు, తగ్గించదు. ఇరుసు మధ్యలోనే బరువుంది కనక కుర్చీని తిప్పను కూడా తిప్పదు. అందుకని ముందుకు వేగం స్థిరం, తిరిగే వేగం స్థిరం. రెండూ స్థిరమైతే దారి వృత్తం. మొనలు లేవు, లోలకం లేదు.

చూశారా? కుర్చీ ఒకటే, కట్టడి ఒకటే, కొలబద్ద ఒకటే. పొట్టి దారి అడిగితే లోలకం వస్తోంది. వదిలేస్తే వృత్తం వస్తోంది. వదిలేసిన వస్తువు పట్టే దారిని తిన్నని దారి అందాం. కట్టడి ఒప్పుకున్నంత మేరకు ప్రతి క్షణం తిన్నగా పోవడానికి చూసేది. పొట్టి దారి అనేది రెండు చివర్లు తెలిసి, మధ్యలో సాధ్యమైన దారులన్నిటినీ పక్కపక్కన పెట్టి బేరం చేసేది. వదిలేసిన కుర్చీకి తను ఎక్కడికి చేరాలో తెలీదు. దానికి ఈ క్షణంలో తగిలే బలమే తెలుసు. అందుకే దానికి పక్క ద్రవ్యవేగం అనే రహస్య ఖాతా లేదు. మొదటి చోటూ మొదటి వేగమూ చెబితే తిన్నని దారి ఒక్కటే. పొట్టి దారులు అలా కాదు. అదే చోటు, అదే వేగంతో మొదలైనా, పక్క ద్రవ్యవేగం ఎంతుందో దాన్నిబట్టి ఎన్నో బయలుదేరతాయి.

కట్టడే లేకపోతే రెండూ కలిసిపోతాయి. గాల్లో పుస్తకం కథ అదే. రైలులా చోటు మీద కట్టడి అయినా కలిసిపోతాయి. వేగం మీద మాత్రమే ఉండే కట్టడి వచ్చినప్పుడు విడిపోతాయి. నేను జారిపడ్డది సరిగ్గా ఇక్కడే. హెర్ట్స్ 1894 నాటి పుస్తకంలోనే తిన్నని దారులు వేరు, పొట్టి దారులు వేరు అని స్పష్టంగా చెప్పాడు. వందేళ్ళ పైబడిన సంగతిని తొందరలో నేను కలిపేశాను.

ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే తగాదా కూడా కాదు. 1980ల్లో రష్యన్ గణితవేత్త కజ్లోవ్ పొట్టి దారి పద్ధతిని కూడా యంత్రశాస్త్రంగా చూడొచ్చని వాదించాడు. 1995లో లూయిస్, మర్రే అనే ఇద్దరు తిరిగే బల్ల మీద బంతిని దొర్లించి రెండు పద్ధతులనూ పోల్చారు. రాపిడిని కూడా లెక్కలోకి తీసుకుంటే, తిన్నని దారి లెక్కే ప్రయోగానికి దగ్గరగా వచ్చింది.

అయితే పొట్టి దారులు పనికిరానివా? కానే కాదు. ప్రశ్న ఏమిటో ముందు తేల్చుకోవాలి. "వదిలేస్తే ఏమవుతుంది?" అంటే తిన్నని దారి లెక్క వేయండి. "నేను నడుపుతాను, తక్కువ ఖర్చులో అక్కడికి చేర్చు" అంటే పొట్టి దారి లెక్క వేయండి. రోబోను నడిపించేవాడికి రెండోది కావాలి. అలా దొర్లిపోతున్న రోబో ఎక్కడ ఆగుతుందో చెప్పాల్సినవాడికి మొదటిది కావాలి. ఒకదాని చోట ఇంకోటి వాడితే కంప్యూటర్ ఏమీ అనదు, చక్కటి బొమ్మ గీసిస్తుంది. బొమ్మ చక్కగా ఉంటుంది, జవాబు తప్పుగా ఉంటుంది.

మన కుర్చీ సమస్యలో ఇంకో చిక్కు ఉంది. లోలకం సమీకరణం తీర్చే ప్రతి గీతా చివరిదాకా పొట్టిదే అనుకోకూడదు. కొంతదూరం పోయాక దాన్ని మించిన దారి ఇంకోటి వస్తుంది. సరిగ్గా ఎక్కడిదాకా పొట్టిదో సచ్కోవ్ అనే గణితవేత్త, కొంతభాగం సహచరుడితో కలిసి, 2010, 2011 ప్రాంతంలో పూర్తిగా తేల్చాడు. ఇదే గ్రూపు, ఇదే కట్టడి, కంటిచూపు గణితంలోనూ కనిపిస్తాయి. మెదడులో చూపుకు సంబంధించిన భాగంలో కణాలు చోటుతో పాటు గీత వాలును కూడా పట్టుకుంటాయి. ఎక్స్, వై, థీటా, మళ్ళీ అవే మూడు. మధ్యలో తెగిన గీతను కన్ను ఎలా పూరిస్తుందో చెప్పడానికి 2006లో చిత్తి, సర్తి అనే ఇద్దరు ఈ జ్యామితినే వాడారు.

చివరగా మీకో ఇంటిపని. హైజెన్‌బర్గ్ గ్రూపు తీసుకోండి. కాగితం మీద పెన్ను కదులుతుంటుంది, అది ఊడ్చిన వైశాల్యం మూడో అంకె. దాని మీద కూడా రెండు లెక్కలూ వేయండి. అక్కడ తిన్నని దారులు కాగితం మీద సరళరేఖలుగా వస్తాయి, పొట్టి దారులు వృత్తాలుగా వస్తాయి. మన కుర్చీకేమో తిన్నని దారే వృత్తం. బొమ్మలో వృత్తం కనబడగానే ఇది ఫలానా అని తేల్చేయకండి. ఏ ప్రశ్నకు జవాబో అడగండి. నేను అడగలేదు, అందుకే ఇవాళ ఈ ఎపిసోడ్.

ఆ అమ్మాయికి మాత్రం ఒక మాట. నువ్వు నా మాట నమ్మి నీ ప్రోగ్రాంను "దిద్ది" ఉంటే రెండు తప్పులయ్యేవి. గచ్చు మీద రోబో చెప్పింది రాశావు, కంప్యూటర్ చెప్పింది రాశావు, రెండూ కలవలేదని కూడా రాశావు. మంచి పని చేశావమ్మా.

వచ్చేసారి ఇరుసు మీద నుంచి బరువును కాస్త ముందుకు జరిపి చూద్దాం. అప్పుడు వదిలేసిన కుర్చీ గుండ్రం తిరగడం కూడా మానేస్తుంది. ఎందుకో ఈలోగా ఆలోచించి పెట్టండి. ఉంటాను, నమస్కారం.